మీరు చెప్పని పేరు

కోచ్ గారూ,

ఇవాళ కాలేజీ జిమ్‌లో మీ సంతాపసభ జరిగింది. మీ ముప్పయ్యేళ్ళ అమెరికన్ ఫుట్‌బాల్ కోచింగ్‌ని అందరూ పొగిడారు. టికెట్లమ్మే ముసలాయన మాత్రం, "డెబ్బై తొమ్మిదిలో, చివరి మ్యాచ్‌లో, జట్టుని నడిపించే క్వార్టర్‌బ్యాక్‌ని బెంచీ మీద కూర్చోబెట్టి కప్పు పోగొట్టాడు మహానుభావుడు," అని నవ్వించాడు.

ఆ కుర్రాణ్ణి లెక్కల్లో ఫెయిల్ చేసింది నేను. ఉద్యోగంలో చేరి అప్పటికి ఏడాది కాలేదు. రెండు మార్కులు వెయ్యాల్సిందేమోనని ఇప్పటికీ సందేహమే. మీరు మాత్రం, "ఫెయిలైతే ఆడడు, ప్రొఫెసర్," అని వెళ్ళిపోయారు. ఊరంతా తిట్టినా నా పేరు ఎవరికీ చెప్పలేదు. మీకు నేను థాంక్స్ కూడా చెప్పలేదు.

ఇవాళ లేచి, అందరి ముందూ చెప్పాను.

"మరి కోచ్ మాతో అనలేదేం?" అన్నాడు టికెట్లాయన.

"అనుంటే నన్నిక్కడ ఉండనిచ్చేవారా?"

"లేదు," అని ఒప్పుకున్నాడాయన.