నైరుతిలో సముద్రం

జూన్ 1, ఆదివారం. ఉ. 7.10
కొత్త డైరీ! కొత్త నిర్ణయం!
నా భార్య తృప్తికి బదిలీ కోసం వాళ్ల కంపెనీ మూడు దేశాలు చూపించింది: పోర్చుగల్, పోలండ్, ఐర్లాండ్. ఒకటి ఎంచుకుని ఫారం పంపాలి. గడువు పదో తారీఖు, సాయంత్రం ఐదు. దాటితే ఆ అవకాశం ఇంకొకరికి.
పెళ్లయి ఆరేళ్లు. బౌరంపేట్‌లో ఈ ఇల్లు, దాని గేటు రంగు, మా కారు, అన్నీ బాపే ఎంచాడు. బాపు అంటే మా నాన్న, రావల్కోల్ బాలనర్సయ్య. మేడ్చల్ చుట్టుపక్కల ఆయన వెంచర్ వేయని పొలం తక్కువ. ఈ ఒక్కటీ మేమిద్దరమే తేల్చుకోవాలి.
"ఎవ్వలకు చెప్పద్దు భానూ. ఒట్టు?" అంది తృప్తి.
"ఒట్టు!"
తనకు చలి పడదు, ఆయాసం వస్తుంది. పోర్చుగల్‌లో మంచి ఎండ ఉంటుందట. దాదాపు తేలిపోయింది! పది రోజులు దేనికో?

జూన్ 3. మ. 1.30
ఆతిఫ్‌కు చెప్పాను. ఆఫీసులో నా పక్క సీటే. స్నేహితుడు బయటివాడు కాదు కదా.
"మస్తు ఖుషీ అయితాంది భాయ్! నా నోరు బంద్" అన్నాడు.

జూన్ 4. ఉ. 9.00
బాపు ఫోన్. "ఏందిరా, దేశాలు చూస్తున్నవట?"
ఆతిఫ్ వాళ్ల నాన్న, బాపు కలిసి ప్లాట్లు అమ్ముతారని నాకు గుర్తే లేదు! అయినా బాపుకు నేను చెప్పలేదు, ఆయనకు తెలిసింది. రెండూ ఒకటి కాదు. ఒకటేనని తృప్తి అంటోంది.

జూన్ 6. సా. 6.15
బాపు వచ్చాడు. యూరప్ మ్యాపును వెంచర్ లేఅవుట్ సైజులో ప్రింట్ తీయించుకొచ్చాడు. వెంట దిక్సూచి. ఉత్తరం కుదరలేదని డైనింగ్ టేబుల్‌నే తిప్పించాడు.
"గీ ఐర్లాండ్ ఏందిరా? సుట్టూ నీళ్లే! చెరువుల మునిగే శికం భూమి లెక్కుంది. క్యాన్సల్."
"పోర్చుగల్, బాపూ..."
"నైరుతిల సముద్రం! ఎవడన్న నైరుతిల నీళ్లు పెట్టుకుంటడా? యజమాని ఇంట్ల నిలువడు."
"మామయ్యా, మేం దేశం మొత్తం కొంటలేం" అంది తృప్తి.
"ఉండేది గా దేశంలనే గద బిడ్డా!"
పోలండ్‌కు ఉత్తరాన సముద్రం. బాపు ముఖం వెలిగిపోయింది. "గిదీ భూమి బిట్టంటే!"
తృప్తి నా వైపు చూసింది. నేను దిక్సూచి వైపు చూశాను. ముల్లు కొంచెం వణుకుతోంది, సరిచేయాలి కదా.

జూన్ 8. ఉ. 11.00
బాగా ఆలోచించాను.
1. పోలండ్‌లో హీటర్లుంటాయి.
2. స్వెటర్లుంటాయి.
3. వాస్తు నేను నమ్మను. కానీ నమ్మేవాళ్లు ఊరికే నమ్మరు.
తృప్తికి చదివి వినిపించాను.
"గిది మామయ్య మాట. నీ మాటేంది?"
"అందరూ ఒప్పుకున్నాక చెప్తా."
"ఆరేండ్లల్ల మనమిద్దరం కూసొని ఒక్కటన్న తేల్చినమా? నేను పోదామన్నది ఎండ కోసం గాదు భానూ."
తృప్తి లేచి లోపలికి వెళ్లిపోయింది. టిఫిన్ కూడా తినలేదు.

జూన్ 10. సా. 4.50
శామీర్‌పేట. బాపు పంపిన వాస్తు సిద్ధాంతి ఇల్లు. వరుసలో పదకొండో నంబరు టోకెన్ దొరికింది. ఇప్పుడే బయటికొచ్చాను. శాంతి చేయిస్తే పోర్చుగల్ పర్వాలేదన్నాడు! ఎగిరి గంతేశాను! వెంటనే తృప్తికి ఫోన్.
"ఫారం పొద్దుగాలనే పంపిన. పోర్చుగల్."
"సూపర్! మరి నా పేరు?"
"వెంట ఎవరన్న వస్తున్నరా అని అడిగిండ్రు. ఇంకా తెల్వదని రాసిన. నెలాఖరు దాకా టైముంది. ఎవ్వల్నీ అడగకుండ చెప్పు."

జూన్ 11. ఉ. 6.30
తృప్తి ఇంకా లేవలేదు. తను లేని ఈ ఇంటిని తలచుకుంటేనే భయమేస్తోంది.
కొత్త పేజీ! కొత్త నిర్ణయం! ఇరవై రోజుల్లో నాకు నేనుగా తేల్చుకుంటాను. బాపు, ఆతిఫ్, సిద్ధాంతి, ఎవ్వరినీ అడగను. ఒట్టు!

ఉ. 6.45
తృప్తి లేవగానే అడగాలి, నన్నేం చెప్పమంటావని.