పంటినొప్పికి చెప్పిన మందు

దానమ్మా,

అమ్మను కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోవాలంట. తోడు రమ్మని అన్నను అడగడానికి నందవరం పోతున్నాను, సాయంత్రం బస్సుకు వస్తాను. అమ్మకు అంబలి బాగా చల్లార్చి ఇయ్యి, కారం తగలనీయొద్దు. తిన్నాక ఉప్పునీళ్లు పుక్కిలించమను. పళ్లు పీకేవాడు మళ్లీ వస్తే గడప తొక్కనీయొద్దు.

నిన్న ఆదోనిలో డాక్టరు "పొగాకు ఏ పక్క పెట్టుకుంటావమ్మా?" అని అడిగితే అమ్మ నోట్లో వేలు పెట్టి చూపించింది. వేలు సరిగ్గా పుండు మీదే పడింది. పన్ను పీకించినా మానంది ఆ పుండే. రాచపుండని, క్యాన్సరని డాక్టరు బయటికి పిలిచి నాకొక్కడికే చెప్పినాడు. అమ్మకు తెలీదు.

నీకు చెప్పని మాట ఒకటుంది. పన్నెండేండ్ల కింద, నువ్వింకా ఈ ఇంటికి రాకముందు, శనక్కాయ పీకేటప్పుడు అమ్మకు పన్ను సలిపింది. పని ఆగిపోతుందని "పొగాకు ఆడ అదిమిపెట్టుకోమ్మా, నొప్పి తెలీదు" అన్నది నేనే. అంతవరకు ఆమె పొగాకు ముట్టిందే లేదు.

ఇస్సాకు

ఇంకొక మాట. పొగాకు సంచి పొయ్యిలో వేసినాను. అమ్మ అడిగితే నా పేరే చెప్పు. నిన్న బస్సులో, "నువ్వు సెప్పిన మందే కదా నాయినా, ఈ పుండుకు ఇంకొంచెం ఎక్కువ పెట్టుకోనా?" అని అడిగింది.