రైల్వే మాజీ గోలీ

నాంపల్లి,
17 నవంబర్ 2025, సోమవారం.

గౌరవనీయులైన రూఫస్ సార్‌కి,

శ్రీపతి నమస్కారాలు. సంతకం దాకా పోకుండానే దస్తూరి చూసి గుర్తుపట్టి ఉంటారు. మెదక్‌లో మీరు, అమ్మగారు క్షేమమని తలుస్తాను. ఈ చలికి మీ మోకాలు ఎలా ఉందో రాయండి. ఇక్కడ జానకి, నేను ఆరోగ్యంగానే ఉన్నాము. ఫోన్ చేద్దామని నిన్న రెండుసార్లు మీ నంబరు నొక్కి మళ్లీ పెట్టేశాను. ఫోన్‌లో నాకు మాట రాదని మీకు తెలుసు, మీకు ఆ ఎడమ చెవి ఒకటి. అందుకే స్టోరు రూము తలుపు దగ్గరికి వేసుకుని, బంతుల సంచీ మీద అట్ట పెట్టుకుని రాస్తున్నాను.

ముందు స్టెఫీ సంగతి. మొదటి ఏడాదిలో మీరే చూసి, "ఈ పిల్ల చేతులు చూడు శ్రీపతీ, రొట్టెల పెనాలంత ఉన్నయి, గోల్లో నిలబెట్టు" అన్న స్టెఫీ. ఆమె దవాఖానలో ఉంది.

శనివారం మన కాలేజీ గ్రౌండులోనే ఫుట్‌బాల్ సెమీఫైనల్ జరిగింది. ఆట నాలుగు నిమిషాల్లో ముగుస్తుందనగా వాళ్లకు కార్నర్ వచ్చింది. స్టెఫీ ఎగిరి బంతి అందుకుంది. కిందపడేటప్పుడు తల నేలకు తగిలింది. పెద్ద దెబ్బలా కనిపించలేదు, వెంటనే లేచింది. అందరూ చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం ఒకటి కనిపించింది. బంతి ఆమె చేతుల్లోనే ఉంది, ఆమె దాని కోసం నేల మీద వెతుకుతోంది. ఒకటి సున్నాతో గెలిచాము. పిల్లలందరూ ఎగురుతుంటే స్టెఫీ గోలు వెనక కూర్చుని రెండుసార్లు వాంతి చేసుకుంది. కోచ్ ఉజ్వల మేడమ్, నేను ఆటోలో వేసుకుని నాంపల్లిలోనే ఉన్న దవాఖానకు తీసుకుపోయాము. దారి పొడుగునా ఆ పిల్ల ఒకటే అడిగింది, "మేడం, మ్యాచ్ ఎప్పుడు సురువైతది?" అని.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి, నిదానంగా అడిగింది. ఈ దెబ్బ ఒక్కటేనా, అంతకుముందు ఎక్కడన్నా తగిలిందా అని. స్టెఫీకి శనివారం పొద్దున బస్సు దిగడం గుర్తుంది, తరవాత గుర్తున్నది చప్పట్లు. మధ్యలో ఏమీ లేదు. "గింత చిన్న దెబ్బకు పొద్దుగాల అంతా పోవుడేంది?" అని డాక్టరమ్మ తనలో తాను అనుకున్నట్టు అంది. ఉజ్వల మేడమ్ నా వైపు చూసింది. ఒక్కటేనమ్మా అని నేను చెప్పాను. స్కానులో ఏమీ కనిపించలేదట. మంగళవారం మధ్యాహ్నం దాకా ఉంచుకుని ఇంటికి పంపిస్తారట. తలనొప్పి తగ్గితే రెండు వారాల తరవాత ఆడొచ్చన్నారు. ఫైనల్ ముప్పయ్యో తారీఖున ఉంది. స్టెఫీ మంచం మీద నుంచే గ్లవ్స్ ఎక్కడున్నాయని అడుగుతోంది.

వాళ్లమ్మ సుగుణమణి గారు చాదర్‌ఘాట్‌లో బట్టలు కుడతారు. నిన్న ఆమె టిఫిను డబ్బా మూత తీసి నాకే ముందు రెండు ఇడ్లీలు పెట్టారు. "సార్, మీరు రైల్వేల ఆడినోళ్లు. గిసుంటివి ఎన్ని సూసి ఉంటరు. మామూలే గదా?" అని అడిగారు. ఔ, మామూలే అన్నాను. ఆ ఇడ్లీలు తినకుండానే మూతలో పెట్టేశాను సార్. ఇంటికి వచ్చాక జానకి కూడా, "ఏందయ్యా, అన్నం ముంగట పెట్టుకొని గోడ దిక్కు చూస్తవు, గోడ మీద గోల్ కొట్టిన్రా ఎవరన్నా?" అంది. ఫోన్ మోగితే దవాఖాన నుంచేమోనని లేచి నిలబడుతున్నాను.

ఇక అసలు అడగవలసింది అడుగుతాను. ఆడపిల్లకు దెబ్బ తగిలింది కాబట్టి మేనేజ్‌మెంటు వాళ్లు కోచ్‌ల పూర్వాపరాలు రాసిమ్మన్నారు. ఎవరు ఎక్కడ ఆడారు, ఏం నేర్చుకున్నారు, సర్టిఫికెట్ల నకళ్లు జత చేసి బుధవారం లోగా ఇవ్వాలట. ఈ జట్టును తయారు చేసింది మీరే కాబట్టి మీవి కూడా కావాలట. రాసే పని నాకే వచ్చింది. "శ్రీపతి సార్, ఇరవై ఏళ్ల నోటుబుక్కులు మీ దగ్గర ఉన్నయి గదా, మీకంటే బాగ ఎవరు రాస్తరు?" అని ఉజ్వల మేడమ్ అంది. నిజమే. ఏ రోజు ఎవరు వచ్చారు, ఎవరు కుంటుతున్నారు, ఏ బంతికి గాలి పోయింది, అన్నీ రోజూ రాస్తాను. శనివారం పేజీ ఉన్న నోటుబుక్కు ఇవ్వమంటే మాత్రం ఇంట్లో మరిచానని చెప్పాను.

మీది రాయడం సులువుగానే అయింది. మెదక్‌లో పుట్టి మిషన్ హాస్టల్లో పెరిగారు, చర్చి వెనక మైదానంలో చెప్పుల్లేకుండా ఆడారు, సికింద్రాబాద్‌లో రైల్వే జట్టుకు ఏడేళ్లు కుడివైపు పరుగెత్తారు, మోకాలు విరిగాక మన కాలేజీకి వచ్చారు. మీరు వచ్చిన ఏడాది జట్టులో తొమ్మిది మందే ఉంటే, లైబ్రరీలో చదువుకుంటున్న ఇద్దరిని రెక్క పట్టుకుని తెచ్చిన సంగతి రాయలేదు. ఉజ్వల మేడమ్‌ది ఇంకా సులువు. ఖైరతాబాద్ పిల్ల, వాళ్ల నాన్నది పెయింట్ల దుకాణం. రాష్ట్ర జట్టులో ఆడింది, పటియాలా పోయి కోచింగ్ కోర్సు చేసి వచ్చింది. అన్నిటికీ కాగితాలున్నాయి.

మూడో పేరు రాసి పెన్ను ఆపేశాను.

మీకు గుర్తుండే ఉంటుంది. నేను ఆబిడ్స్‌లో ఆటసామాన్ల దుకాణంలో బంతులు కుట్టేవాణ్ణి. పదో తరగతి తప్పాను. కాలేజీకి బంతులు తెచ్చిస్తూ, ఇక్కడే స్టోరు కీపరుగా కుదిరాను. గోలీ రాని రోజు మీరు నన్ను గోల్లో నిలబెట్టేవారు. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద అట్ట ఊడిపోయిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి దొరికింది, గోలీలకు నేర్పించే పుస్తకం. పక్కన డిక్షనరీ పెట్టుకుని ఏడాదిన్నర చదివాను. నేను నేర్చుకున్నదంతా అంతే, దానితోనే మన గోలీలకు నేర్పుతున్నాను. పదిహేనేళ్ల కింద కాలేజీ పండుగలో కోచ్‌లకు శాలువాలు కప్పుతామని, పరిచయం రాసిమ్మని అడిగితే మీరు నా పేరు పక్కన "రైల్వే మాజీ రిజర్వ్ గోలీ" అని రాశారు. ఇదేంది సార్ అన్నాను. "నువ్వు రెండు నెలలు రైల్వే క్యాంపుల ఉన్నవా లేవా? ఉన్నవు. చాలు తమ్మీ, నోరు మూసుకో. స్టోరు కీపర్ మాట పిల్లలు ఇంటరా?" అన్నారు. నేను ఆ క్యాంపులో బంతుల సంచులు, నీళ్ల క్యాన్లు మోశాను. మైకులో చదివారు, శాలువా కప్పారు, చప్పట్లు కొట్టారు. నేను నోరు విప్పలేదు. అప్పటి నుంచి ప్రతి టోర్నమెంటులో అదే కాగితం చదువుతున్నారు. ఒక్కొక్కసారి 'రిజర్వ్' అన్న మాట కూడా వదిలేస్తున్నారు.

ఈ శనివారం కూడా చదివారు. ఆట తొమ్మిదిన్నరకు, శాలువాలు తొమ్మిదికి. ఎకనామిక్స్ చెప్పే రవికిరణ్ మైకు పట్టుకుని "రైల్వే మాజీ గోలీ, మన శ్రీపతి సార్" అన్నాడు. ముఖ్య అతిథి ఎల్లేష్ గారు. ఆయన నిజంగానే రైల్వే గోలీ, పన్నెండేళ్లు ఆడి రిటైరైన మనిషి. శాలువా కప్పుతూనే, "ఏ బ్యాచ్ అన్నా నీది? నేను సూడనే లేదు!" అన్నాడు. రిజర్వ్‌లో ఉండేవాణ్ణి అన్నాను. "రిజర్వ్‌ల అంటే? నీళ్లు మోసినవా ఏంది?" అని పెద్దగా నవ్వాడు. వేదిక మీద అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను సార్.

ఇప్పుడు ఆ కాగితం కింద ఏం రాయాలి? సర్టిఫికెట్ ఎక్కడి నుంచి తేవాలి? స్టోరు కీపరుతో గోలీకి ట్రైనింగ్ ఇప్పించారని తెలిస్తే స్టెఫీకి తగిలిన దెబ్బ నా మెడకు చుట్టుకుంటుంది. మీ పేరు కూడా పోతుంది. మీ దగ్గర పాత రైల్వే కాగితం ఏదన్నా ఉందా? క్యాంపులో నా పేరున్నది ఏదైనా? ఉంటే వెంటనే పంపండి. లేకపోతే ఏం చెప్పాలో ఒక ముక్క రాయండి.

ఆదివారం ఊరికే ఉండబుద్ధి కాక గ్రౌండుకు పోయి స్టేషన్ వైపు గోలుపోస్టు నీళ్లు పోసి కడిగాను. బాగా దుమ్ము పట్టింది.

అమ్మగారికి నా నమస్కారాలు చెప్పండి. రాత్రి ప్రార్థనలో స్టెఫీ పేరు కూడా అనుకోండి.

ఇట్లు,
మీ విధేయుడు,
శ్రీపతి

తాజా కలం: మంగళవారం ఉదయం, దవాఖాన బెంచీ మీద.

సార్, ఈ ఉత్తరం నిన్న సాయంత్రమే ఆబిడ్స్ జీపీఓ డబ్బాలో వేయాలని పోయాను. డబ్బా ముందు నిలబడ్డాను, వేయలేకపోయాను. పైన రాసిన దాంట్లో అబద్ధం ఏమీ లేదు. కానీ ఒకటి రాయలేదు.

స్టెఫీకి తగిలింది ఒక్క దెబ్బ కాదు, రెండు. మొదటిది శాలువాల కన్నా ముందు. అందరూ వేదిక దగ్గర కుర్చీలు వేస్తున్నారు. స్టేషన్ వైపు గోలు దగ్గర నేను బంతులు కొడుతున్నాను, ఆమె పట్టుకుంటోంది. ఒక బంతికి పక్కకు దూకి తల పోస్టుకు కొట్టుకుంది. ఆ చప్పుడు ఇప్పటికీ వినిపిస్తోంది. కూర్చోబెట్టి నీళ్లిచ్చాను. నన్ను చూసి, "సార్, గిది ఏ గ్రౌండ్?" అని అడిగింది. మూడేళ్లుగా రోజూ ఆడే గ్రౌండు. ఆ ఇంగ్లీషు పుస్తకంలో ఉంది, తలకు తగిలినవాళ్లు ఇలాంటి మాట అడిగితే ఆ రోజు మళ్లీ ఆడనివ్వకూడదని. ఆ వాక్యం కింద గీత గీసింది నేనే. కూర్చో బిడ్డా, ఇవాళ గోల్లో నీ బదులు శ్రీనిధి నిలబడుతుంది అని చెప్పాను. ఇంతలో మైకులో నా పేరు పిలిచారు.

నీళ్ల మాట అని నవ్విన తరవాత ఎల్లేష్ గారు నా భుజం మీద చెయ్యి వేసుకుని గ్రౌండులోకి నడిచాడు. స్టెఫీ గ్లవ్స్ వేసుకుని నిలబడి ఉంది. పోస్టు తగిలింది సార్, తల జర తిరుగుతోందంటోంది అని ఆయనతో అన్నాను. "అరే, మన జమానాల తలకాయ పగిలి నెత్తురు కారినా కట్టు కట్టుకొని ఆడినం గదన్నా! నువ్వు ఆడలేదా?" అన్నాడు. నా కళ్లలోకే చూస్తున్నాడు. ఆడలేదు అంటే మిగతాదంతా చెప్పవలసి వస్తుంది. ఔ, ఆడినం అన్నాను. ఆయన స్టెఫీ వీపు తట్టి, "ఆడు బిడ్డా, మీ సార్ రైల్వే మనిషి" అన్నాడు. స్టెఫీ నా వైపు చూసింది. నేను తల ఊపాను.

దెబ్బ తగలడం ఇంకెవరూ చూడలేదు, ఎల్లేష్ గారు నా మాట పట్టించుకోనే లేదు. ఆమెకు గుర్తు లేదు. నేను చెప్పకపోతే లోకంలో ఎవరికీ తెలియదు. అదే నా భయం సార్, కాగితం కాదు. ఇంటికి పంపించాక ఆ పిల్ల మళ్లీ గోల్లో నిలబడి, మళ్లీ తల తగిలించుకుంటే అన్న భయం.

ఈ రోజు ఎనిమిదింటికే నోటుబుక్కు తెచ్చి డాక్టరమ్మ ముందు పెట్టాను. శనివారం పేజీలో రాసే ఉంది: 8.40, స్టేషన్ వైపు పోస్టు, స్టెఫీ, తల. ఏ గ్రౌండని అడిగింది. ఆడింది. డాక్టరమ్మ రెండుసార్లు చదివింది. "మీరు రైల్వేల ఆడినోళ్లట గద, గీ మాట శనివారమే చెప్పాల్నని తెల్వదా?" అని గట్టిగా అడిగింది. వెనక సుగుణమణి గారు, ఉజ్వల మేడమ్ ఇద్దరూ ఉన్నారు. నేను ఆడలేదమ్మా, నీళ్లు మోసిన అని చెప్పాను.

వెంటనే మళ్లీ స్కాన్‌కు తీసుకుపోయారు. ఇవాళ పంపించరు. ఫైనల్ సంగతి ఎవరూ ఎత్తలేదు. ఉజ్వల మేడమ్ నోటుబుక్కు తీసుకుని కాలేజీకి పోయింది. పూర్వాపరాల కాగితంలో నా పేరు పక్కన 'స్టోరు కీపర్' అని రాసి ఆమె చేతికే ఇచ్చాను. పాత పరిచయం ఎవరు రాశారో అడిగితే అది కూడా చెప్పవలసి వస్తుంది, కోపగించకండి. పైన అడిగిన కాగితం వెతకవద్దు.

స్టెఫీ లోపలికి పోయి ముప్పావు గంట అయింది. సుగుణమణి గారు బెంచీ ఆ చివర కూర్చున్నారు. నన్ను పొమ్మనలేదు. టిఫిను డబ్బా మూత కూడా తీయలేదు. తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఇద్దరమూ లేస్తున్నాము.