ఒకే ఇంటి చీటీ

గౌరవనీయులైన మాజీ వదిన గారికి,

ఈ ‘మాజీ’ అన్న మాట రాయడానికి చాలా కాగితాలు చించాను. మంత్రి ముందు పెడితే దర్జాగా ఉంటుంది గానీ, వదిన ముందు పెడితే ఊడబోయే బొత్తాంలా వేలాడుతోంది. కోర్టువారు మీ ఇద్దరినీ విడదీస్తూ ఇచ్చిన కాగితం ఆసాంతం చదివాను. నగల గురించి ఉంది, బ్యాంకు ఖాతా గురించి ఉంది, ఆఖరికి ఫ్రిజ్ గురించి కూడా ఉంది. ఆడపడుచు గురించి ఒక్క ముక్క లేదు. చట్టానికి ఇంత పెద్ద చిల్లు ఉందని నాకు డిగ్రీలో ఎవరూ చెప్పలేదు. కాబట్టి ఆ విషయం తేలేదాకా నిన్ను వదినా అనే పిలుస్తాను. అభ్యంతరముంటే రాతపూర్వకంగా తెలియజేయగలవు.

ఇక అసలు సంగతి. నువ్వు ఆదివారాలు రావడం మానేశావు గనక మన బొంతల జట్టు వార్తలు నేనే విన్నవించాలి. ఈసారి బొంతలో అతికే చదరపు గడుల మార్పిడికి మన టీచరమ్మ కొత్త షరతు పెట్టింది. రెండే గుడ్డలు తీసుకోవాలి, ఒకటి ముదురు, ఒకటి లేత. వాటితో రెండు గడులు కుట్టాలి. ఒకదాంట్లో లేత నేల మీద ముదురు నక్షత్రం, రెండోదాంట్లో ముదురు నేల మీద లేత నక్షత్రం. ఒకటి మన బొంత కోసం ఉంచుకుని, దాని ఎదురుగడిని చీటీలో ఎవరి పేరొస్తే వాళ్ళకివ్వాలి.

ముదురుకి నా కాలేజీ యూనిఫాం నీలం కత్తిరించాను. అన్నయ్య చొక్కా తీసుకుందామనుకున్నాను గానీ, మరీ సినిమాలా ఉంటుందని మానేశాను. లేతది నువ్వు కట్టిన వంటింటి కిటికీ తెర. నువ్వెళ్ళిన మర్నాడే అమ్మ దాన్ని విప్పి పాతగుడ్డల్లో పడేసింది. నేల తుడవబోతుంటే అడ్డుపడి ప్రాణదానం చేశాను.

“డిగ్రీ చదివింది గుడ్డపేలికలు అతకడానికటే?” అంది అమ్మ.

“ఈ ఇంట్లో చింపడానికి మనుషులున్నారమ్మా. అతకడానికే కరువు” అన్నాను.

అమ్మ గరిటె ఎత్తింది గానీ విసరలేదు. అన్నయ్య పేపర్లో ఒకే పేజీని చాలాసేపు చదివాడు. తర్వాత చూస్తే అది టెండర్ల పేజీ.

చీటీల రోజు జరిగింది చెప్పాలనే ఈ ఉత్తరం. ఒకే ఇంటివాళ్ళకి ఒకరి చీటీ ఒకరికి పడితే టీచరమ్మ దాన్ని తిరిగి డబ్బాలో వేయించేది గుర్తుందా? “ఎడం జేబులోది కుడి జేబులో వేసుకుంటే మార్పిడి ఎలా అవుతుందర్రా?” అనేది. మనకి పడ్డప్పుడల్లా “ఈ తోక నన్ను ఇక్కడా వదలదు” అని నువ్వనేదానివి, గది గదంతా నవ్వేది. నువ్వు రాకపోయినా గడి పోస్టులో పంపుతానన్నావట, అందుకని ఈసారీ నీ పేరు డబ్బాలో ఉంది. అది నా చేతికే వచ్చింది. అలవాటుగా మడిచి మళ్ళీ వేయబోయాను. టీచరమ్మ నా చెయ్యి పట్టుకుంది.

“ఉంచుకో అమ్మా. ఇప్పుడు ఫరవాలేదు” అంది, చాలా మెల్లగా.

ఎవరూ నవ్వలేదు.

నీ పెట్టెలు వ్యాను ఎక్కుతుంటే నేను జోకు వేశాను. కోర్టు కాగితం వచ్చిన రోజూ వేశాను. ఆ చీటీ పట్టుకుంటే మాత్రం ఒక్కటీ తోచలేదు వదినా. మెట్లు దిగి, కింద కళ్ళజోళ్ళ దుకాణం ముందు నిలబడి, లోపలివాళ్ళు నాకు చూపు పోయిందేమోనని బయటికొచ్చేదాకా ఏడ్చాను. నువ్వు అన్నయ్యని వదిలేశావు, సరే, వాడితో వేగడం ఎంత కష్టమో నాకు పుట్టినప్పట్నుంచీ తెలుసు. నన్నెందుకు వదిలేశావు? నాతో నీకేం తగువు? వెళ్ళేముందు నన్ను ఒక్క మాట అడగలేదే.

నువ్వు జట్టుకి రాకపోవడానికి కారణం నేను కనిపెట్టాను. నా ముక్కు. అచ్చం అన్నయ్య ముక్కు. దాన్ని ఎదురుగా పెట్టుకుని ఎవరు మాత్రం సూదిలో దారం ఎక్కించగలరు? అయినా ఆ జట్టు నీది. నేను నీ వెనకాల వచ్చినదాన్ని. అందుకని మానేస్తున్నాను. టీచరమ్మకి ఇంకా చెప్పలేదు. బొంతే లేనప్పుడు నా వంతు గడి నాకెందుకని రెండు గడులూ నీకే పంపుతున్నాను. రెండూ కవలల్లా ఉండాలని ఎంతో జాగ్రత్తగా చేశాను. ఆదివారం నువ్వు నిశ్చింతగా వెళ్ళు. అక్కడ ముక్కు ఉండదు.

ఇట్లు,
అడక్కుండా తెగ్గొట్టిన
నీ తోక


తోకా,

పార్శిల్ అందింది. ముందు పని సంగతి.

నీ రెండు గడులూ పక్కపక్కన పెట్టి కలిపి కుట్టబోయాను. కుట్లు కలిసేచోట బుడిపెలా లేచింది, సూది విరిగింది. తిరగేసి చూస్తే రెండింట్లోనూ కుట్టు మడతలన్నీ ఒకేవైపు, నక్షత్రం వైపే, ఇస్త్రీ చేశావు. మడత ఎప్పుడూ ముదురు గుడ్డ వైపు వాల్చమని మొత్తుకున్నానా లేదా? లేత గుడ్డ కింద నీడ కనపడకుండా ఉండడానికే అనుకుని ఉంటావు. అదొక్కటే కాదు. ముదురు వైపు వాలిస్తే ఒక గడి మడతలు ఇటు పడతాయి, ఎదురుగడివి అటు పడతాయి. అప్పుడు కలిపితే ఒకదాని పక్కన ఒకటి ఒదిగి కూర్చుంటాయి. కవలల్లా చేద్దామని నువ్వు పడ్డ కష్టమే వాటిని కలవనివ్వలేదు.

ఇప్పుడు ముక్కు సంగతి. దానికంత సీను లేదు. నేను జట్టుకి వస్తే, నువ్వు ఇంటికెళ్ళగానే “అది వచ్చిందా?” అని అత్తయ్య అడుగుతుంది. నిజం చెబితే గొడవ. అబద్ధం నీకు చేతకాదు, జోకు వేస్తావు, అందరికీ తెలిసిపోతుంది. నీ ఇల్లు నీకుండాలని నేను తప్పుకున్నాను. నువ్వేమో నా జట్టు నాకుండాలని తప్పుకుంటున్నావు. నీ గడుల్లాగే ఇద్దరం ఒకేవైపు మడుచుకుని కూర్చున్నాం.

నిన్ను అడక్కుండా వెళ్ళింది నిజమే. అడిగితే నువ్వు ఏదో ఒకటి అంటావు, నేను నవ్వుతాను, నవ్వి ఉండిపోతాను. అందుకే అడగలేదు.

కిటికీ తెరని చూడగానే గుర్తుపట్టాను. ముదురు నక్షత్రం నేను ఉంచుకున్నాను. లేత నక్షత్రం కుట్లు విప్పి, మడతలు సరిచేసి తిరిగి పంపుతున్నాను. అది నీ దగ్గరే ఉండాలి, షరతు షరతే. ఆదివారం నేను వస్తున్నాను. ముక్కుతో సహా రా. అత్తయ్య అడిగితే నిజమే చెప్పు. ఆవిడ ఆ గరిటె నా పెళ్ళైనప్పట్నుంచీ ఎత్తుతూనే ఉంది, ఇంతవరకు విసరలేదు.

ఇంకొకటి. టీచరమ్మకి ఫోన్ చేసి, ఇకమీదట మన ఇద్దరికీ ఒకరి చీటీ ఒకరికి పడితే, మునుపటిలాగే డబ్బాలో వేయించి మళ్ళీ తీయించమన్నాను.

“ఇప్పుడు మీది ఒకే ఇల్లు కాదు కదమ్మా” అన్నారు.

“అయినా తీయించండి” అన్నాను.

వదిన