ఎడమ పక్క స్టూలు

అమ్మ తర్వాత నా చెవి మెలిపెట్టే హక్కున్న ఒకే ఒక్క అక్కకి,

ఫోన్ చెయ్యకుండా ఉత్తరమేంటని కంగారుపడకు. ఫోనులో నువ్వు "ఏంట్రా కోతీ" అని అరిచావంటే అక్కడ నీ కూతురూ, అల్లుడూ, మొన్న పుట్టిన నీ మనవరాలూ కూడా ఇటే చెవి పెడతారు. ఈ సంగతి నీ ఒక్కదానికే తెలియాలి. అందుకే మన వీధి బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపిస్తున్నా. జవాబు కూడా ఆయన చేతికే ఇవ్వు. తిట్లు పొట్టిగా, సలహా పొడుగ్గా ఉండాలి.

ఇంట్లో అంతా బాగానే ఉంది. కూర మాడింది, బావ మాట్లాడకుండా తిన్నాడు. వెళ్ళేటప్పుడు "మీ బావని కనిపెట్టుకుని ఉండు" అన్నావు కదా. కనిపెట్టుకునే ఉన్నా. అక్కడే వచ్చింది తంటా.

బావ వర్క్‌షాపు నుంచి కొత్త యాంప్లిఫయరు తెచ్చాడు. పాత రేడియోల్లో ఉండేవే, గాజు వాల్వులు, వాటితోనే నడుస్తుందిట. స్విచ్చు వేశాక కాసేపు ఏమీ పలకదు. వాల్వులు ఎర్రబడి వేడెక్కాక అప్పుడు నోరు విప్పుతుంది, అచ్చం నువ్వు పొద్దున టీ తాగేదాకా ఉన్నట్టు. మీటలన్నీ ఒకే పెట్టెలో. పైన, వాల్వుల వెనకాల గుండ్రటి స్టీలు మూతలు, చెంబులు బోర్లించినట్టు. అందులో గదంతా కనపడుతుంది. నేను అందులో చూసుకుని జుట్టు దువ్వుకుంటే "అది అద్దం కాదురా" అన్నాడు.

ఈసారి దీనికి పెద్ద పరీక్ష. శనివారం వర్క్‌షాపు యజమానురాలు ఒక షాపాయన్ని వెంటబెట్టుకుని మనింటికే వస్తుంది. మామూలు గదిలో, మామూలు స్పీకర్లతో ఎలా పలుకుతుందో ఆయన వినాలిట. నచ్చితే ఆర్డరు. నచ్చకపోతే వర్క్‌షాపులో వాల్వుల మూల ఎత్తేసి అక్కడ చార్జర్లు బిగిస్తారుట. బావ బల్ల ఉండేది ఆ మూలలోనే. ఇన్నేళ్ళుగా అక్కణ్ణించి బయటికెళ్ళే ప్రతి పెట్టెనీ ఆఖర్న విని "సరే" అనేది బావే. ఆయన చెవంటే యజమానురాలికి అంత గురి.

ఇంటికి ఏ పెట్టె తెచ్చినా ఆయన తంతు నీకు తెలుసుగా. రెండు స్పీకర్లకీ, వాటి నడుమ పెట్టెకీ ఎదురుగా కుర్చీలో తను, ఎడమ పక్క స్టూలు మీద నేను. ఒక్కటే గొంతున్న పాట పెడతాడు. అన్నీ సరిగ్గా ఉంటే ఆ గొంతు రెండు పెట్టెల నడుమ, మనిషి నిలబడి పాడుతున్నట్టు వినపడాలి. పాటయ్యాక "గొంతు ఎక్కడుందిరా?" అని నన్నడుగుతాడు. నేనేమో "గోడకి అత్తుకుంది బావా" అనో, "పెనం మీద నీళ్ళు చిలకరించినట్టుంది" అనో నోటికొచ్చింది అంటా. ఆయన తల ఊపుతాడు. తొమ్మిదో తరగతి గట్టెక్కనివాడి అభిప్రాయం ఎందుకో, కాలక్షేపానికి కాబోలు అనుకునేవాణ్ణి.

అక్కా, నేను చేసిన పని ఇదీ. బావ టీ పెట్టుకోడానికి వంటింట్లోకి వెళ్ళాడు. నేను ఎడమ స్పీకరు వైరు పీకేశా. ఆయనొచ్చి, పాట వినేసరికి ఎగిరిపడి, పెట్టె కిందా పైనా వెతుక్కుంటుంటే చూద్దామని. బోర్డుల మీద అక్షరాలు రాసి రాసి విసుగెత్తిన ప్రాణం, ఆ మాత్రం వినోదం ఉండొద్దా?

ఎడమ పెట్టె చచ్చిపడి ఉంది. పాటంతా కుడి మూల నుంచే. బావ ఎదురుగా యాంప్లిఫయరునే చూస్తూ ఊగుతున్నాడు. కావాలనే "ఇంకాస్త పెంచు బావా" అన్నా. పెంచాడు. పెట్టె వెనకాల నుంచి టిక్కు టిక్కుమని ఏదో చప్పుడొచ్చింది. పట్టించుకోలేదు. పాటయ్యాక "గొంతు ఎక్కడుందిరా?" అన్నాడు. పొట్ట పట్టుకుని నవ్వాలని ఉంది, ఆపుకుని "నట్టనడుమ బావా, బొట్టు పెట్టినట్టు" అన్నా.

"హమ్మయ్య" అన్నాడు.

తిరిగి నన్నే ఏడిపిస్తున్నాడేమో అనుకున్నా. మెల్లిగా ఎడమ పక్కకి చేరి "బావా, ఇల్లు తగలబడుతోంది" అన్నా. చలనం లేదు. "అక్క ఇంకొకడితో లేచిపోయింది" అన్నా. టీ తాగుతున్నాడు. కుడి పక్కకి వెళ్ళి అంతకంటే చిన్నగా "టీలో చక్కెర సరిపోయిందా?" అంటే "ఎక్కువైంది" అన్నాడు.

అక్కా, బావకి ఎడమ చెవి వినపడదు. నీకు తెలుసా? వెంటనే రాయి. వైరు మళ్ళీ తగిలించేశా, దాని గురించి భయం లేదు.

నీ తమ్ముడు,
కోతి


నన్ను "వెధవా" అని మొదలుపెట్టి "వెధవా" అని ముగించిన అక్కకి,

నీ జవాబు అందింది. డ్రైవరు ఇస్తూ "మీ అక్కగారు కోపంగా ఉన్నారండీ" అన్నాడు. కవరు మీద నా పేరు రాసిన తీరు చూస్తేనే తెలిసిపోయిందిట.

అయితే నీకు ఎప్పణ్ణించో తెలుసన్నమాట. రోడ్డు మీద ఎప్పుడూ ఆయనకి కుడి పక్కనే నడుస్తావుట, పడక కూడా అటే మార్చావుట. ఆయన దాచుకున్నాడు కాబట్టి నువ్వూ తెలియనట్టే ఉన్నావుట. బాగుంది. మీ మొగుడూ పెళ్ళాలు ఇన్నాళ్ళూ ఒకరితో ఒకరు దాగుడుమూతలు ఆడుకుంటూ నన్ను కోతి అంటారా?

కోప్పడకు. నవ్వడానికి నాకూ ఏమీ మిగల్లేదు. కొంప మునిగింది.

వైరు తగిలించానని రాశా కదా. మర్నాడు పాట పెడితే ఎడమ పెట్టెలోంచి గరగర. ఎండుటాకుల మీద ఎవరో చెప్పులతో నడుస్తున్నట్టు. గొంతు కూడా ఎడమ వైపు బలం లేక కుడికి ఒరిగిపోయింది. కాస్త మాడు వాసన కూడా, వంటింట్లోది కాదు. పరుగెత్తుకెళ్ళి సందు చివర రేడియో తాతని అడిగా, స్నేహితుడింట్లో ఇలా జరిగిందని చెప్పి. ఆయన టంకం వేసే పుల్ల పక్కన పెట్టి నన్ను ఎగాదిగా చూశాడు.

"వాల్వుల పెట్టెకి స్పీకరు తీసేసి పాట పెట్టాడా నీ స్నేహితుడు? పైగా గట్టిగా?"

"ఏమవుతుంది తాతా?"

"పెట్టె తోసే బలమంతా ఎటూ పోలేక లోపలే రగులుతుంది. ట్రాన్స్‌ఫార్మరులో తీగచుట్ట మాడుతుంది. నీ స్నేహితుడికి చెప్పు, వాడు గాడిదని."

చెప్పా. అద్దంలో చూసుకుని మరీ చెప్పా.

ఆ తీగచుట్ట బజార్లో దొరికేది కాదు. వర్క్‌షాపులో చేత్తో చుట్టాలి. శనివారం రేపే. షాపాయనా, యజమానురాలూ సోఫాలో కూర్చుంటారు. ఎడమ పెట్టె గరగరమంటుంది. గదిలో అందరికీ వినపడుతుంది, కుడి పక్క పాట హోరులో ఒక్క బావకి తప్ప. ఆయన వాళ్ళ వైపు తిరిగి "చూశారా, ఎంత నిర్మలంగా ఉందో" అంటాడు. ఆ క్షణంలో యజమానురాలి మొహం ఎలా మారుతుందో నాకిప్పుడే కనపడుతోంది. ఆర్డరు ఒక్కటే పోదక్కా, ఇన్నేళ్ళు ఆయన చెవి మీద నిలబెట్టుకున్న పరువు మన హాల్లోనే, మన సోఫా ముందే పోతుంది.

"ముందే చెప్పెయ్" అని రాశావు. చెబుదామని రెండుసార్లు వెళ్ళా. మొదటిసారి వాల్వుల మీద దుమ్ము తుడుస్తున్నాడు, పసిపిల్లకి ముక్కు తుడిచినట్టు. "ఈ ఒక్కటి గట్టెక్కితే చాల్రా, మా మూల ఉంటుంది" అన్నాడు. నేనూ ఇంకో గుడ్డ తీసుకుని తుడవడం మొదలెట్టా. రెండోసారి తనే స్టూలు లాగి "కూర్చో" అన్నాడు. పాట పెట్టాడు. గరగర నా చెవిలో పురుగు తొలిచినట్టు తొలుస్తోంది. "గొంతు ఎక్కడుందిరా?" అన్నాడు.

"నడుమే బావా" అన్నా.

రెండో అబద్ధం. మొదటిది ఆటకి, ఇది భయానికి. ఆయన నా వైపు చూడలేదు. యాంప్లిఫయరు వైపే చాలాసేపు చూశాడు. ఆ చూపు నాకు నచ్చలేదు.

ఇక నేనొక నిర్ణయానికొచ్చా. వైరు పీకానని చెబితే, ఆయనకి వినపడలేదని నాకు తెలిసినట్టే అవుతుంది. ఆ రహస్యం నువ్వే ఇన్నాళ్ళూ ముట్టుకోలేదు, నేనెలా ముట్టుకోను? రేపు పొద్దున ఆయన స్నానానికి వెళ్ళగానే పెట్టె వెనకాల ఫ్యూజు పీకేసి జేబులో వేసుకుంటా. పెట్టె అసలు పలకదు. పలక్కపోతే గరగర ఉండదు. "ఈ రోజు కుదరలేదండీ" అని వాళ్ళని పంపించేస్తే, ఎవరి చెవి సంగతీ ఎవరికీ తెలియదు. తర్వాత సంగతి తర్వాత. వద్దని రాసినా ఆ జవాబు నాకు అందేలోపు పని అయిపోతుంది.

నీ తమ్ముడు,
గాడిద


అక్కకి,

ఈసారి ముద్దుపేర్లు పెట్టే ఓపిక లేదు. కూర్చుని చదువు.

ఫ్యూజు పీకా. వాళ్ళొచ్చారు. యజమానురాలు కళ్ళజోడు మెళ్ళో వేలాడేసుకుని సోఫా నిండా కూర్చుంది. షాపాయన చేతులు వెనక్కి కట్టుకుని గోడలు చూస్తున్నాడు, ఇల్లు కొనడానికి వచ్చినట్టు. బావ ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. స్విచ్చు నొక్కాడు. వాల్వులు వెలగలేదు. మళ్ళీ నొక్కాడు. నేను స్టూలు మీద కూర్చుని జేబులో ఫ్యూజుని వేళ్ళతో నలుపుతున్నా.

బావ వంగి పెట్టె వెనక తడిమాడు. లేచి నిలబడ్డాడు. నన్ను చూడలేదు. చొక్కా జేబులోంచి ఇంకో ఫ్యూజు తీసి బిగించాడు! ఆ జేబులో పెన్ను ఉంటుందనుకున్నానక్కా ఇన్నేళ్ళూ.

వాల్వులు ఎర్రబడ్డాయి. పాట మొదలైంది. గరగర మొదలైంది. యజమానురాలు కనుబొమలు ముడిచింది. షాపాయన ముందు నేల వైపు, తర్వాత ఎడమ పెట్టె వైపు చూశాడు. బావ ఎప్పట్లాగే ఎదురుగా చూస్తూ కూర్చున్నాడు. సగం పాటలో చెయ్యి చాపి చప్పుడు తగ్గించాడు.

"గొంతు ఎక్కడుందిరా?"

షాపాయన నవ్వాడు. "ఆయన్నడుగుతారేంటండీ?"

"ఆయన్నే అడుగుతా" అన్నాడు బావ.

నడుమ అంటే ఇద్దరూ నవ్వుతారు, బావని చూసి. లేదంటే పెట్టె పోతుంది, నా బండారమూ బయటపడుతుంది. మామూలుగా నా నోరు నాకంటే ముందు పరుగెడుతుంది కదా, ఆ రోజు మాటొకటి వెతుక్కోవాల్సి వచ్చింది.

"నడుమ లేదు బావా. కుడి మూలకి పోయి నిలబడింది. ఎడమ పెట్టెలో ఎవడో ఎండుటాకులు తొక్కుకుంటూ తిరుగుతున్నాడు." ఊపిరి పీల్చుకుని అన్నా. "ఆ తిరిగేవాణ్ణి నేనే. మొన్న ఆటకి స్పీకరు వైరు పీకి పాట పెట్టించా. నడుమ ఉందని నీతో రెండుసార్లు అబద్ధమాడా. ఇందాక ఫ్యూజు పీకిందీ నేనే."

"స్పీకరు లేకుండా పాట పెట్టించావా!" అని లేచింది యజమానురాలు. ఆ తర్వాత ఏమందో రాయను. పసిపిల్ల ఉన్న ఇల్లు మీది.

బావ చెయ్యి అడ్డం పెట్టాడు. "పెట్టె తప్పు కాదమ్మా. ఎడమ ట్రాన్స్‌ఫార్మరు మాడింది, మార్చేద్దాం. కుడి వైపు వినండి, మనం చేసింది అది." ఇస్త్రీ చొక్కా చేతులు సర్దుకున్నాడు. "ఇంకో సంగతి చెప్పాలి మీకు. ఎడమ వైపు నాకు వినపడదు. ఎప్పణ్ణించో. ఎడమ వైపు వినేది మా బావమరిదే."

అక్కా, నేను స్టూలు మీదే ఉన్నా. పడిపోలేదు, అంతే.

యజమానురాలు మెల్లిగా కూర్చుంది. "అయితే, పాట గోడకి అత్తుకుందనీ, పెనం మీద నీళ్ళు చిలకరించినట్టుందనీ నువ్వొచ్చి చెప్పేవన్నీ?"

"వాడి మాటలే."

"వయసు మీదపడి కవివి అవుతున్నావేమో అనుకున్నాను కదయ్యా! ఆ పెనం మాట పట్టుకునే మనం వైరింగంతా మార్చింది."

షాపాయన ఇంకోసారి పాట పెట్టమన్నాడు. ఈసారి కుడి పెట్టె పక్కకి వెళ్ళి నిలబడి విన్నాడు. చాలాసేపు విన్నాడు. రెండు పక్కలా ఇలాగే ఉంటే తీసుకుంటానన్నాడు, బాగుచేశాక మళ్ళీ వింటాట్ట. వినేటప్పుడు స్టూలు మీద ఈయన కూడా ఉండాలని నా వైపు చూపించాడు. యజమానురాలు నన్ను పైనించి కిందిదాకా చూసి "ఇకమీదట నువ్వు వర్క్‌షాపుకే వచ్చి విను. ఒక్క అబద్ధం ఆడావంటే తీగచుట్ట బదులు నిన్ను చుడతా" అంది. నీ తమ్ముడికి నిజం చెప్పే ఉద్యోగం వచ్చిందక్కా. ఇంతకంటే పెద్ద శిక్ష ఎవడూ వెయ్యలేడు.

వాళ్ళు వెళ్ళాక బావా నేనూ మిగిలాం. పెట్టె చల్లారుతోంది. తిడతాడని చూశా. తిట్టలేదు. ఆ స్టీలు మూతల వైపు వేలు చూపించాడు. వంగి చూస్తే అందులో స్టూలు మీద నేను, చెంబులో పడ్డ కోతిలాగా.

"నాకు వినపడనిది నీ మొహంలో చూస్తాన్రా" అన్నాడు. "గరగరమంటే నీ ముక్కు ముడుచుకుంటుంది. గొంతు జరిగితే నీ కళ్ళు అటే వెళ్తాయి. మొదటి రోజు నవ్వు ఆపుకుంటున్నావు, దేనికో తెలియలేదు. నిన్న నీ ముక్కు ఒకటి చెప్పింది, నోరు ఇంకోటి చెప్పింది."

"మరి తెలిసీ వాళ్ళ ముందు నన్నడిగావా? నేను మళ్ళీ నడుమే అని ఉంటే?"

"అదే విందామని."

నీ సంగతి కూడా చెప్పేశా, కుడి పక్కన నడవడం అదీ. ఎలాగూ అన్నీ బయటపడిన రోజు. "తెలుసు" అన్నాడు. తెలిసి ఊరుకున్నావేం అంటే, "అటుంటేనే దాని మాటలు బాగా వినపడతాయి" అని వాల్వుల మీద గుడ్డ కప్పాడు. నువ్వొచ్చాక మీరిద్దరూ ఏం మాట్లాడుకుంటారో మీ ఇష్టం, నేను ఆ రోజు బోర్డు పనికి వెళ్ళిపోతా.

ఇంకొక్కటి రాసి ముగిస్తా. ఆయన గుడ్డ కప్పుతున్నప్పుడు నేను ఎడమ పక్కన నిలబడి, పెదాలు కూడా సరిగ్గా కదపకుండా, "తప్పైపోయింది బావా" అన్నా. వినపడదని తెలిసే అన్నా. చెప్పినట్టూ ఉంటుంది, సిగ్గూ ఉండదు కదా అని. ఒక మూత మీద గుడ్డ ఇంకా పడలేదు.

ఆయన వెనక్కి తిరక్కుండానే అన్నాడు, "కుడి పక్కకొచ్చి చెప్పు."

వెళ్ళి చెప్పా.

నీ తమ్ముడు,
మీ ఆయన ఎడమ చెవి