నడిమి గోడ మీద అద్దం ముక్కలు

జూన్ 9

బీరువా జరిపాం. వెనక గోడలో బీట! నేల నుంచి నా భుజం దాకా. వేలు పెడితే గోరు మునిగింది. పోయినేడు వెంట్రుకంత సన్నం... సిమెంటు కూరి, బోనాలకని పైన సున్నం వేసి, బీరువా అడ్డం పెట్టాం. మర్చిపోయాం. ఇప్పుడు మళ్లీ సున్నానికని జరిపితే ఇది. వేలికి తడి కూడా.

నీళ్లు ఎక్కడివి? ఇంకెక్కడివి! గోడకు అవతల రహీం భాయ్ వాళ్ల ఇల్లు, చలికాలంలో కట్టిన కొత్త బాత్రూం. రెండిళ్లకూ ఒకటే గోడ. దొరికారు దొంగలు!

జూన్ 10

పొద్దున్నే వెళ్లి వాకిట్లోనే కడిగేశాను. రహీం భాయ్ మగ్గం మీద జరీ పని చేస్తున్నాడు, సూది చేతిలో పట్టుకునే లేచాడు.

"మా నీళ్ల మోరీ సీదా గల్లీలకు పోతది పద్మక్కా. మీ దిక్కు రానే రాదు."

"రాకపోతే మా గోడ ఉత్తగనే ఏడుస్తున్నదా?"

లోపలి నుంచి ఆయన భార్య, షమీమ్ ఆపా... "ముందుగాల చాయ్ తాగక్కా, తర్వాత లొల్లి చేద్దువు." తాగలేదు. ఆ బాత్రూం ఆమె మోకాళ్ల నొప్పుల కోసం కట్టిందని తెలుసు. తెలిసీ నోరు ఆగలేదు.

ఇంటికొచ్చాక మా ఈయనది ఒకటే మాట. "గల్లీ మొత్తం విన్నది. ఖుషీయేనా?"

ఖుషీయే!

జూన్ 12

యాదగిరి మేస్త్రి వచ్చాడు. ఏటా బోనాలకు మా ఇంటికి సున్నం వేసేది ఆయనే. బీట చూసి తల పట్టుకున్నాడు.

"పండుగకు ఇల్లు తెల్లగుండాలె అంటిరి, నేను ఏస్తి. పైన తెలుపు, లోపట ఇది పెరుగుడు. గోటితోటి పొయ్యేది గొడ్డలిదాక తెచ్చుకున్నం."

"ఇప్పుడేం చెయ్యాలె?"

"గోడ నడుస్తున్నదా, నిలవడ్డదా... అది తెలువాలె. నిలవడితే బాగుచేద్దాం. నడిస్తే దించుడే. అది దించితే రెండిండ్ల కప్పులు దించుడే."

రెండిళ్ల దూలాలూ ఆ ఒక్క గోడ మీదే ఉన్నాయి. ఎక్కడికి పోతాం? వాళ్లు మాత్రం ఎక్కడికి పోతారు?

తెలుసుకునే ఉపాయం ఆయనే చెప్పాడు. బీటకు అడ్డంగా పలచటి అద్దం ముక్క, రెండు కొసలకూ ప్లాస్టర్ ఆఫ్ పారిస్ ముద్ద. గోడ కదిలితే అద్దం విరుగుతుంది. అద్దమా! పత్తర్‌గట్టిలో ఫొటో ఫ్రేముల దుకాణం పెట్టుకున్నదాన్ని, నాకు అద్దం దొరకదా!

జూన్ 13

ముక్కలు నేనే కోశాను. ఆరు. అన్నిటికన్నా పలచటి అద్దం, నా చేయి ఒక్కసారి కూడా జారలేదు. గోడ మీద పక్కనే పెన్సిలుతో తేదీ.

మూడు అవతలి వైపు పెట్టాలన్నాడు మేస్త్రి. మొహం చెల్లక చెల్లక వెళ్లాను. ఆపా గదిలో పరుపుల దొంతర తీయించింది. వెనక వాళ్ల బీట! నాదానికంటే పొడుగు.

"ఈద్‌కు రంగేసినప్పుడు కనబడ్డది అక్కా. మీకు తెలిస్తే ఫికర్ చేస్తరని..."

ఆమె పరుపులు అడ్డం పెట్టింది, నేను బీరువా. ఇద్దరికీ నవ్వు ఆగలేదు, నాకు కళ్లనీళ్లు వచ్చాయి. ఈసారి చాయ్ తాగాను, రెండు కప్పులు.

జూన్ 15

ఆరూ క్షేమం.

జూన్ 16

క్షేమం. మేడ మీద నుంచి ఆపా కేక... "మీయి మంచిగున్నయా?" చుట్టాలను అడిగినట్టే అడుగుతోంది. మస్తుగున్నాయన్నాను.

జూన్ 19

పగిలింది! మధ్యాహ్నం వాన దంచి కొట్టింది, ఇంటి నుంచి ఈయన ఫోను, దుకాణం షట్టరు దించేసి ఆటోలో పరుగు. మా వైపు కింది ముక్క, సరిగ్గా నడుమ రెండుగా విరిగింది. భయం వేయాలి, వేసింది. కానీ ఈ పేజీకి కాక ఎవరికి చెప్పను... ఒళ్లంతా హుషారు! గోడ మాట్లాడింది!

మేస్త్రి అన్నాడు, "నీళ్లు ఆగితే గోడ ఆగొచ్చు. ఎవరి నీళ్లో జల్ది తేల్చుండ్రి."

ఎవరివో నాకు తెలియదా ఏమిటి.

జూన్ 21

రంగుల పరీక్ష! ఆలోచన రహీం భాయ్‌ది. వాళ్ల బాత్రూంలో నీలిమందు. మా జాలారిలో, అంట్లు తోమే మూల, బట్టలకు వేసే ఎర్ర రంగు. గోడలో ఏ రంగు ఊరితే ఆ ఇంటి నీళ్లు.

"నీలం వస్తే నా చేతులతోటి నేనే పగులగొడ్త అక్కా," అన్నాడు.

పందెం గెలిచినట్టే ఉంది. బకెట్ల మీద బకెట్లు పోశాం. కొంగంతా రంగే. ఈయన మమ్మల్ని చూసి, హోలీ అయిపోలేదా ఇంకా, అని వెక్కిరించాడు.

జూన్ 22

ఎరుపు.

బీట అడుగున, పారాణి గీసినట్టు. తుడిచాను, మళ్లీ ఊరింది. ఎరుపే.

గోడ అవతల నుంచి రహీం భాయ్... "మా దిక్కు ఏం రాలే. మీకేమన్న కనబడ్డదా అక్కా?"

"నీలం రాలే," అన్నాను.

అబద్ధం కాదు కదా... అబద్ధమే.

"అయితే ఇంకా దిగలేదేమో. సోమారం పగులగొట్టి చూద్దాం. గోడకన్న బాత్రూం ఎక్కువనా?"

ఎరుపని ఎలా చెప్పను? గల్లీ మొత్తం విన్నది కదా నా అరుపు.

జూన్ 23

ఎందుకో అర్థమైంది. రెండేళ్ల కింద జాలారి మూలన పాత మోరీలోంచి పందికొక్కులు వస్తున్నాయని, దాని నోటికి బండ వేయించి సిమెంటు కొట్టించింది ఎవరు? నేనే. ఆ బండ కిందే కొత్త పైపు వేయించిందీ నేనే. పైపు అతుకు ఊడినట్టుంది. నీళ్లకు బయటికి దారి లేదు. ఇంక గోడ కిందికి కాక ఎటు పోతాయి!

ఈయనకు కూడా చెప్పలేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నాకు ఊరెక్కడిది.

జూన్ 24

చెప్పాలి. వాళ్ల గుమ్మం దాకా పోయాను... చెప్పలేదు.

జూన్ 25, సోమవారం

తొమ్మిదింటికి సుత్తి దెబ్బ. ఒకటి... రెండు... చెప్పుల్లేకుండా పరిగెత్తాను.

"ఆపుండ్రి! నీళ్లు మాయి! ఎర్ర రంగొచ్చింది!"

అప్పటికే రెండు టైల్సు పోయాయి. ఆపా మోకాలు పట్టుకుని బోర్లించిన బకెట్ మీద కూర్చుంది.

"ఎప్పుడొచ్చింది?" రహీం భాయ్.

"శుక్రవారం."

ఆయన సుత్తి కింద పెట్టాడు, చప్పుడు కాకుండా. ఆపా నా మొహంలోకి చూసింది. "మూడు దినాలా... పద్మక్కా?"

తిట్టి ఉంటే బాగుండేది. సిగ్గుతో చచ్చిపోయాను.

జూన్ 26

బండ లేచింది! గడ్డపార పట్టుకుని పిలవకుండానే రహీం భాయ్ వచ్చాడు. నేరుగా జాలారిలోకి దిగాడు. కింద ఏముందో తెలుసా... రాతి మోరీ! నున్నగా చెక్కిన రాళ్లు, నా మోచేతి దాకా లోతు, తిన్నగా గల్లీ వైపు. రెండిళ్లూ ఒకే ఇల్లుగా ఉన్నప్పటి పని అన్నాడు మేస్త్రి. ఇంత మంచి దారిని మూసేసి నేను పైపు వేయించాను!

పూడిక తీసేసరికి సాయంత్రం నాలుగు. నిలిచిన నీళ్లన్నీ బుస్సుమని గల్లీ మోరీలోకి... ఎర్రగా! బురద చేతులతోనే చప్పట్లు కొట్టాను. ఎదురింటి వాళ్లు బయటికి వచ్చి చూశారు. ఆపా కిటికీలోంచి నవ్వింది, నిజంగా నవ్వింది.

రహీం భాయ్ చేతులు కడుక్కున్నాడు. "పనైపోయింది," అన్నాడు మేస్త్రితో. నాతో కాదు.

జూన్ 28

కొత్త అద్దాలు ఆరు, కొత్త తేదీలు. వానలు పోయేదాకా గోడకు సిమెంటు పెట్టొద్దు, సున్నం వేయొద్దని మేస్త్రి ఆజ్ఞ. ఇవి విరక్కుండా నిలిస్తే గోడ బతికినట్టు. బోనాలకు సున్నం లేని గోడ, మా ఇంట్లో! ఈయన గొణుగుతున్నాడు, వచ్చినోళ్లు ఏమనుకుంటరని. బీట చూపించి మరీ భోజనం పెడతాను.

రెండు టైల్సు కొని ఇచ్చి వచ్చాను. అదే రంగు దొరకలేదు, కొంచెం ముదురు. రహీం భాయ్ తీసుకున్నాడు. "జీ," అన్నాడు. అక్కా అనలేదు. ఇరవై ఏళ్లలో మొదటిసారి.

జూలై 1

క్షేమం. మోరీ గలగలా పారుతోంది. వింటూ అంట్లు తోముతున్నాను. ఇంత సంతోషంగా ఎప్పుడూ తోమలేదు.

జూలై 3

పొద్దుటి నుంచి వాన. ఇప్పుడే గొళ్లెం చప్పుడు. రహీం భాయ్, తల మీద ప్లాస్టిక్ సంచి, గడ్డం నుంచి నీళ్లు కారుతున్నాయి.

"మా దిక్కు పైది పగిలింది. ఇప్పుడే చూసిన."

ఇప్పుడే. చూసిన వెంటనే వచ్చాడు, చెప్పులు కూడా వేసుకోలేదు. అరిచిందాన్ని, మూడు రోజులు దాచినదాన్ని... నా దగ్గరికే వచ్చాడు. లోపలికి రమ్మన్నాను. "మీ దిక్కువి చూడుండ్రి, నేను మేస్త్రిని తోలుకొస్త," అని వానలోకి వెళ్లిపోయాడు. అక్కా అనలేదు ఇవాళ కూడా.

రెండు చూశాను. క్షేమం. మూడోది అడుగున ఉంది, టార్చి వేసి వంగితే తప్ప కనిపించదు. చూసే ముందు ఒక నిమిషం ఇది రాస్తూ కూర్చున్నాను. గల్లీలో గొంతులు... వచ్చేశారు. ఏముంటే అది గుమ్మంలోనే చెప్పేస్తాను.