నాలుగో సీసా నీళ్ళు మరల పట్టించుట గురించి

పండూ,

అయ్యా, పై పేరు కొట్టివేశాను. కాయితం ముందు పెట్టుకోగానే నా చెయ్యి అదే రాసింది. ఇంట్లో ఠావు కాయితం ఇదొక్కటే ఉన్నందున మార్చలేదు. తమరు ఇక్కడి నుంచి చదువుకొనవలెను.

తిరువూరు,
తేది: 14-10-2025.

నీటి పరీక్షల పై అధికారి గారి సముఖమునకు, తిరువూరులో పచారీ కొట్టు నడుపుకొనుచున్న రాంప్రసాద్ గారి భార్య పరమేశ్వరి వ్రాసుకొను అర్జీ.

విషయం: తమ ల్యాబులో కాంట్రాక్టు కెమిస్టుగా పనిచేయుచు తేది 10-9-2025న మరణించిన కుమారి సౌజన్య తెచ్చిన నీటి నమూనాలలో నాలుగవది అందలేదని రిజిస్టరులో రాసినందున, సదరు బోరు నీళ్ళు మరల పట్టించి పరీక్ష చేయించవలసినదిగా కోరుట.

అయ్యా,

ఈ అర్జీ ఉద్యోగం గురించి గానీ, ప్రమాదం డబ్బు గురించి గానీ కాదు. మీ ఆఫీసులో అందరూ అదే అనుకుంటున్నారు కాబట్టి ముందే మనవి చేసుకుంటున్నాను.

1. సౌజన్య మాకు ఒక్కతే కూతురు. ఇంట్లో పండు అని పిలుచుకునేవాళ్ళం. వయసు ఇరవై ఆరు. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివింది. మీ ల్యాబులో రెండేళ్ళ నాలుగు నెలలు పనిచేసింది. కెమిస్టు అంటే మా కొట్టుకి వచ్చేవాళ్ళు మందుల షాపు అనుకునేవారు. "మీ అమ్మాయిని అడిగి ఓ నాలుగు జ్వరం బిళ్ళలు తెప్పించు పరమేశ్వరీ" అనేవారు. నేను ఐదో తరగతి వరకే చదివాను, నాకూ మొదట్లో తెలియదు. అడిగితే అది నవ్వేది. "నువ్వు రోజూ చేసేది అదేనే అమ్మా. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడింది ఎందుకూ? రాగి చెంబు చింతపండుతో రుద్దితే ఆ మెరుపు ఎక్కడి నుంచి వచ్చిందీ? నాకు జీతం ఇస్తారు, నీకు ఇవ్వరు. అంతే తేడా" అనేది. బ్లీచింగు పొడి, యాసిడ్ ఒకేసారి కలిపి పోయవద్దని బాత్రూము తలుపు మీద పెద్ద అక్షరాలతో రాసి అంటించింది. ఆ కాయితం ఇప్పటికీ ఉంది. ఇవన్నీ అర్జీకి అక్కర్లేదని జాహెదా చెప్పింది. జాహెదా మీ ల్యాబులోనే అసిస్టెంటు. మాదిరి కాయితం రాసి ఇచ్చింది ఆ అమ్మాయి. రాత మాత్రం నాదే.

2. తేది 9-9-2025 మంగళవారం సాయంత్రం సౌజన్య ఆరు సీసాల నీళ్ళతో స్కూటీ మీద ఇంటికి వచ్చింది. ల్యాబుకి అప్పటికే తాళం పడిందని చెప్పింది. మా ఫ్రిజ్‌లో కింది అర ఖాళీ చేసి సీసాలు వరసగా పెట్టింది. ఒక్కోదాని మీద నంబరు చీటీ ఉంది. "అమ్మా, ఇవి తాగేవి కావు, కదిలించకు. పొద్దున్నే ఐస్ పెట్టె తెచ్చి పట్టుకుపోతా" అంది. "ఊళ్ళ నీళ్ళన్నీ నా ఫ్రిజ్‌లోకే తెచ్చావా? కూరలు ఎక్కడ పెట్టుకోనే" అని విసుక్కున్నాను.

నాలుగో సీసా సంగతి ఆ రోజే చెప్పింది. అది నెమలి గ్రామం వెళ్ళే దారిలో లోపలికి ఉన్న చింతలదొడ్డి కాలనీ బోరు నీళ్ళు. ఆ కాలనీలో రూత్ అనే ఆమె ఉంది. ఆమె మనవడికి మూడో నెల. తల్లికి పాలు చాలక డబ్బా పాలు పడుతున్నారు. ఆ పాలపొడి కలిపేది బోరు నీళ్ళలోనే.

"వాడి పెదాలు నేరేడుపండు తిన్నట్టు ఉన్నాయమ్మా. గోళ్ళు కూడా అలాగే ఉన్నాయి" అంది.

"నీళ్ళు కాచి పట్టమని చెప్పకపోయావా?"

"కాచే పడుతున్నారు. కాస్తే పురుగులు చస్తాయి, ఇది పురుగు కాదు. పొలాల్లో చల్లిన యూరియా, పెంటకుప్పల ఊట వానకి భూమిలోకి దిగి నీళ్ళలో కలిసిపోతాయి. రంగు ఉండదు, వాసన ఉండదు. కాచిన కొద్దీ నీళ్ళు తగ్గుతాయి, అది మాత్రం తగ్గదు. పులుసు మరిగిపోతే ఉప్పు ఎక్కువ అవుతుంది కదా, అలాగ."

"మరి పెద్దవాళ్ళంతా బాగానే ఉన్నారుగా?"

"పెద్దవాళ్ళు ఓర్చుకుంటారు. ఆ వయసు పిల్లల నెత్తురు ఓర్చుకోదు. అయినా చూసి చెప్పకూడదమ్మా, కొలవాలి. నా దగ్గరున్న కిట్టులో ఆ పరీక్షకి కావలసిన మందు ఒక్కటే అయిపోయింది. రేపు ముందు నాలుగో సీసానే పెడతా. రేపటిదాకా క్యాను నీళ్ళు వాడమని, రేపు పేపరు తెస్తానని రూత్ గారికి చెప్పి వచ్చా."

3. మరునాడు బుధవారం ఉదయం ఏడున్నరకు ఐస్ పెట్టె తెచ్చేందుకు ల్యాబుకి బయలుదేరింది. పెట్రోలు బంకు మలుపులో లారీ. పోలీసు వారి కాయితం నకలు జతపరచినాను.

4. మాలో మనిషి పోతే, తీసుకువెళ్ళిన తరవాత ఇంట్లో నిలవ ఉన్న నీళ్ళన్నీ పారబోస్తారు. అవి మైల నీళ్ళు, వాడకూడదు. బిందెలు, బాత్రూము డ్రమ్ము, పూజగదిలో చెంబు, అన్నీ మా ఆడపడుచు పారబోసింది. నేను వంటింట్లో గోడకి ఆనుకుని ఉన్నాను. ఆమె ఫ్రిజ్ తలుపు తీసి "వదినా, ఇవి కూడానా?" అని అడిగింది. నేను ఆ సీసాలు చూశాను. చీటీలు కూడా చూశాను. "నీళ్ళేగా, పారబొయ్యి" అన్నాను. ఆరు సీసాలూ పెరట్లో కాలవలో పోసింది. ఆ మాట నేను అన్నట్టు నాకు బాగా జ్ఞాపకం. వేరే ఎవరి మీదా ఈ తప్పు రాయవద్దు.

తరవాత మూడో రోజో నాలుగో రోజో, ఖాళీ సీసాలు కనబడితే సబ్బు పెట్టి లోపలికి పీచు దూర్చి కడిగాను. చీటీలు ఊడిపోయాయి. పిట్టగోడ మీద బోర్లించి ఆరబెట్టాను. ఎవరూ కడగమనలేదు.

5. ఆరు సీసాలు, ఐస్ పెట్టె, గుర్తింపు కార్డు వాపసు చేయవలెనని మీ ఆఫీసు నుంచి మెమో వచ్చింది. పన్నెండో రోజు కార్యక్రమం అయ్యాక సంచీలో వేసుకుని వెళ్ళాను. ఐస్ పెట్టె ల్యాబులోనే ఉంది. జాహెదా ఒక సీసా మూత తీసి వాసన చూసింది.

"ఆంటీ, సబ్బుతో కడిగారా?"

"శుభ్రంగా కడిగానమ్మా, మట్టి కూడా లేదు."

"సబ్బు తగిలితే ఇవి పరీక్షకి పనికిరావు ఆంటీ. మళ్ళీ వేరే నీళ్ళతో తొలపాలి." ఆ తరవాత అడిగింది, "ఇందులో నీళ్ళు ఏం చేశారు?"

అప్పటిదాకా నాకు ఆ మాటే తట్టలేదు. చెప్పాను. ఆ అమ్మాయి సీసా బల్ల మీద పెట్టి, స్టూలు మీద కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

గుమాస్తా జోజిబాబు గారు రిజిస్టరు తీసి చూపించారు. మంగళవారం సాయంత్రం సౌజన్య ఫోనులో పంపిన ఆరు నంబర్లకు ఎదురుగా ఆరు వరసల్లోనూ "నమూనా అందలేదు" అని ఉంది. మిగతా ఐదూ బడుల నీళ్ళు, వాటికి కిందటి విడత పేపర్లు ఉన్నాయట. నాలుగో దానికి ఏ పేపరూ లేదు.

"బాబూ, ఇంకొకరిని పంపి ఆ నీళ్ళు మళ్ళీ పట్టించండి" అన్నాను.

"ఆ ఊళ్ళన్నీ సౌజన్య మేడం పేరు మీద ఉన్నాయమ్మా. ఆవిడ ఛార్జి అప్పగించలేదు. అప్పగిస్తే గానీ ఇంకొకరికి వెయ్యడానికి లేదు."

"అది చనిపోయింది కదండీ."

"నాకు తెలవదా అమ్మా? దండ వేసిన వాళ్ళల్లో నేనూ ఉన్నాను. రూలు చెబుతున్నాను."

సంచీలో వస్తువులు కూడా ఛార్జితో కలిపే తీసుకోవాలన్నారు, తిరిగి ఇంటికి తెచ్చుకున్నాను. ఆయన చెడ్డవారు కారు. నాకు కుర్చీ వేయించారు, టీ తెప్పించారు. బయటికి వచ్చాక జాహెదాని అడిగాను, నువ్వు పట్టుకురాలేవా అని. "నమూనా మీద సంతకం చేసే అధికారం నాకు లేదు ఆంటీ. నేను తెస్తే అవి వట్టి నీళ్ళే, నమూనా కింద రాదు" అంది.

6. మరునాడు ఇరవై లీటర్ల క్యాను పెట్టుకుని షేరాటో ఎక్కి చింతలదొడ్డి కాలనీకి వెళ్ళాను. ఏడాది వెళ్ళేవరకు నేను ఇంకొకరి గడప తొక్కకూడదు. రూత్ ఇంటి బయట నిలబడి సౌజన్య తల్లినని చెప్పాను.

"అయ్యో, కెమిస్టు పాప అమ్మగారా! రాండి, లోపలికి రాండి."

"నేను మైలలో ఉన్నానమ్మా, ఇక్కడే ఉంటాను."

"అట్టాంటియ్యి మాకు లేవమ్మా. ఎండలో నిలబెట్టి మాట్టాడతానా? రాండి" అని చెయ్యి పట్టుకుని తీసుకువెళ్ళింది. సౌజన్య పోయినట్టు ఆమెకి అప్పటివరకు తెలియదు. పేపరు తెస్తానన్న పాప రాలేదేమిటా అని రెండు రోజులు చూశారట. రాకపోతే నీళ్ళు మంచియ్యే అయి ఉంటాయనుకుని మళ్ళీ బోరు నీళ్ళకే వచ్చేశారట. బాబుని డాక్టరుకి చూపిస్తే గుండె పరీక్ష చేయించమన్నాడట.

బాబుని నా ఒళ్ళో పెట్టింది. పెదాలు అది చెప్పిన రంగులోనే ఉన్నాయి.

ఈ నీళ్ళు పట్టవద్దని చెప్పాను. మా అమ్మాయి చెప్పినట్టే పులుసు సంగతి చెప్పాను. పక్కింటి ముసలాయన నవ్వి "ఈ బోరు ఏసినకాణ్ణించీ తాగతన్నాం, మేమేం నీలంగా ఉన్నామా తల్లీ?" అన్నాడు. రూత్ నవ్వలేదు. "పేపరు ఏదన్నా ఉందామ్మా? పేపరు ఉంటేనే పంచాయతీ వాళ్ళు తాగొద్దని బోరుకి ఎర్ర రంగేసి ట్యాంకరు తోలతారు. ఊరికే అడిగితే, మీ ఒక్క ఇంటికోసం ట్యాంకరా అంటారు" అంది.

నా దగ్గర పేపరు లేదు. నా చేతులతో నేనే లేకుండా చేశాను.

అప్పటి నుంచి రోజు విడిచి రోజు క్యాను పట్టుకుని వెళ్తున్నాను. ఆటో జానీబాషా క్యానుకి వేరే చార్జీ తీసుకోవడం లేదు. నేటికి మూడు వారాలు. బాబు పెదాలు కాస్త ఎరుపు తిరిగినట్టు నాకు అనిపిస్తోంది, రూత్‌కి కూడా అనిపిస్తోంది. అయితే మేము చూసి చెప్పేది పరీక్ష కాదు. గుండె జబ్బో, నీళ్ళో, మాకు ఎవరూ చెప్పలేదు.

ఆ కాలనీలోనే ఇంకో అమ్మాయికి ఈ నెలాఖరుకి కాన్పు. అంతకంటె ఎక్కువ క్యాన్లు నేను మోయలేను.

7. కావున తమరిని కోరుకునేది.

(అ) రిజిస్టరులో నాలుగో వరసలో "నమూనా అందలేదు" అన్నది కొట్టివేసి, "తల్లి పారబోసినది" అని రాయించవలెను. ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతాను. అది నీళ్ళు తెచ్చింది. తేకుండా తెచ్చానని రాసే పిల్ల కాదు.

(ఆ) చింతలదొడ్డి కాలనీ బోరు నీళ్ళు సంతకం ఉన్నవారిని పంపి పట్టించి, పరీక్ష చేయించి, వచ్చిన లెక్క ఎంతైనా పేపరు మీద పెట్టి రూత్‌కి, పంచాయతీకి ఇప్పించవలెను. మంచి నీళ్ళని తేలితే అదీ రాసి ఇవ్వండి. బాబుని గుండె డాక్టరుకి తీసుకుపోతారు. నాకు ఏది వచ్చినా ఒకటే, వాళ్ళకి తెలియాలి.

(ఇ) ఛార్జి విషయం. సౌజన్య ఛార్జి అప్పగించలేదని జోజిబాబు గారు చెప్పినది నిజమే. దానికి వీలు పడలేదు. దాని తరపున ఈ రోజు నేను అప్పగిస్తున్నాను. సీసాలు ఆరు, సబ్బుతో కడిగినవి. గుర్తింపు కార్డు ఒకటి, తాడు తెగినది. ల్యాబు బీరువా తాళంచెవి ఒకటి. స్కూటీ డిక్కీలో దొరికిన నోటుబుక్కు ఒకటి, అందులో చింతలదొడ్డి కాలనీకి ఎదురుగా "బాబు, 3 నెలలు, డబ్బా పాలు, అర్జెంటు" అని దాని చేతిరాత ఉంది. చెయ్యవలసి మిగిలిన పని ఒకటి, అది పైన రాశాను. వీటిని తీసుకున్నట్టు తమరు సంతకం చేసి, దాని పేరు తీసి ఇంకొకరి పేరు వేసుకోవలెను.

పేరు తీసేటప్పుడు ఒక్క గీతతో కొట్టమని చెప్పండి. కింద అక్షరాలు కనపడేటట్టు.

తల్లి అప్పగించడానికి రూలు లేకపోతే, ఎవరు అప్పగించాలో ఆ మనిషిని నాకు చూపించండి. వెళ్ళి అడుగుతాను.

రాసినదాంట్లో తప్పులుంటే మన్నించి, బీరువాలో పెట్టక, ఈ వారంలోనే చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయురాలు,
పరమేశ్వరి
(సౌజన్య తల్లి)

జతపరచినవి: పోలీసు వారి కాయితం నకలు, మెమో నకలు. వస్తువులు సంచీలో ఉన్నవి.

మరచినది: చింతలదొడ్డి కాలనీకి మెయిన్ రోడ్డు నుంచి మూడు కిలోమీటర్లు, ఆటోలు తక్కువ. పంపే ఆయనకో అమ్మాయికో నా నంబరు ఇవ్వండి, జానీబాషా ఆటో నేను మాట్లాడి పెడతాను. అక్కడ హోటలు గానీ టీ బడ్డీ గానీ లేవు, వచ్చేసరికి మూడు దాటుతుంది. ఆకలితో బయలుదేరవద్దని చెప్పండి. తమరు కూడా ఎక్కడెక్కడో తిరుగుతారని, మధ్యాహ్నం సీటులో దొరకరని మీ ఆఫీసులో అన్నారు. వేళకి కడుపునిండా అన్నం తినండి.